తిరిగొచ్చే దారి

టర్బో వచ్చాక బానెట్ కింద చోటు చాల్లేదు.
అద్దెకొచ్చినవాడిలా కాదు,
రిజిస్ట్రేషన్ చేయించుకున్నవాడిలా దిగింది.
నలభై ఏడేళ్ళుగా బ్యాటరీలన్నీ వరసగా కూర్చున్న మూల
ఖాళీ చెయ్యాల్సి వచ్చింది.

వయాలాలో జనవరి. స్పెన్సర్ గల్ఫ్ నుంచి గాలి కూడా వేడే.
ఉక్కు ఫ్యాక్టరీ ఎర్రదుమ్ము
షెడ్డు రేకుల మీద, దండెం మీది దుప్పట్ల మీద,
నా డాట్సన్ మీద, కారం ఆరబోసినట్టు.

పక్కింటి గ్లెనిస్ కంచె మీంచి చూసి
చెప్పులు విడిచి బూట్లేసుకుని వచ్చింది.
ముప్పై ఎనిమిదేళ్ళు ఆటో ఎలక్ట్రీషియన్.
కారు వైపు చూడలేదు, నా మెడ వైపు చూసింది.
"అది తియ్యి."
నల్లపూసలు.
"వేలిది కూడా."

నీళ్ళు నమిలాను.
ఆమె ఎడమచెయ్యి చాపింది.
ఉంగరపు వేలి చుట్టూ తెల్లటి మచ్చ, నున్నగా, వలయంగా.
రెంచి కొస ప్లస్ మీద, ఉంగరం కారు బాడీ మీద,
ఒక్క క్షణం. బంగారం ఎర్రబడటానికి అది చాలు.
"మొగుడు పోయి పదకొండేళ్ళు.
ఈ ఉంగరం మాత్రం ఊడదు" అని నవ్వింది.

నట్లూ వాషర్లూ పోసిన బిస్కెట్ల డబ్బాలో
నల్లపూసలూ ఉంగరమూ వేసి మూతపెట్టాను.

ముందు మైనస్ విప్పాలి. చివర మైనస్ బిగించాలి.
ఇది నాచేత రెండుసార్లు అప్పజెప్పించుకుంది, ఎక్కంలా.

డిక్కీలో బెజ్జాలు వేసేముందు కారు కింద దూరాను,
ట్యాంకు ఎక్కడుందో, పెట్రోలు గొట్టం ఎటు పోతోందో.
నేల రేకు అప్పడం. అందుకని అడుగున
అరచేయంత ఉక్కు పలకలు, వాటిలోంచి బోల్టులు.
పైన మూతున్న పెట్టె,
దాని ఊపిరి కారు బయటికి పోయేలా సన్నటి గొట్టం.
పట్టీ బిగించి, చాలనుకున్నాను.

గ్లెనిస్ పెట్టెను రెండు చేతుల్తో పట్టి
ఒంటి బరువంతా వేసి గుంజింది.
కారు ఊగింది. పెట్టె కూడా, కాస్త.
"బండి తల్లకిందులైందనుకో. లోపల నువ్వున్నావు.
పదిహేడు కిలోలు నీ మెడ వెనకాల."
మళ్ళీ బిగించాను.

బొటనవేలంత లావు ఎర్ర తీగ
డిక్కీ నుంచి ముందుకి, సీట్ల పక్కగా,
రేకును దాటే ప్రతిచోటా రబ్బరు తొడుగుతో.
రేకు అంచుకి తొందరలేదట,
రోజుకో వెంట్రుకవాసి కోస్తుందట.
ప్లస్‌కి జానెడు దూరంలో ఫ్యూజు.
ఆ జానెడు మాత్రమే కాపలా లేని దారి.

సాయంత్రం ఆరింటికి తాళం తిప్పితే
టిక్.
మళ్ళీ టిక్.
గోడ మీద బల్లి పలికినట్టు.
శకునం అర్థమైంది, కారణం కాలేదు.

మైనస్ కింద రంగంతా గోకానే,
వెండిలా తేలేదాకా రుద్దానే!
గ్లెనిస్ బకెట్ బోర్లించి కూర్చుని
నారింజ తొక్క తీస్తోంది. తెలుసు ఆమెకి. చెప్పదు.

గంట పట్టింది.
పాత చోట మైనస్ తీగ సూటిగా ఇంజిన్‌ని పట్టుకునుండేది.
ఇప్పుడు బాడీని పట్టుకుంది.
ఇంజినేమో రబ్బరు దిమ్మలెక్కి
ఎవరికీ తగలకుండా మడికట్టుకు కూర్చుంది!

కరెంటుకి వెళ్ళే దారి వేశాను.
తిరిగొచ్చే దారి వెయ్యలేదు.

జడలా అల్లిన రాగి పట్టీ, ఇంజిన్‌కీ బాడీకీ నడుమ.
రెండు బోల్టులు. అంతే.
ఈసారి బల్లి పలకలేదు.
ఇంజిన్ గొంతు సవరించుకుని అందుకుంది.
వెనక్కెళ్ళి పెట్టె మీద చెయ్యి వేసి చూశాను,
జ్వరం చూసినట్టు.
గ్లెనిస్ సగం నారింజ నా చేతిలో పెట్టి
కంచె దాటింది.

రాత్రి స్నానమయ్యాక నల్లపూసలు వేసుకుంటుంటే
మెడ వెనక చల్లగా ఏదో గుచ్చుకుంది.
కొక్కెం దగ్గర, పూసల వరసలోకి
పళ్ళ వాషరొకటి ఎక్కి కూర్చుంది.
తీద్దామనుకున్నాను.
పొద్దున ఐదింటికి షిఫ్టు.
కొక్కెం పెట్టేసి పడుకున్నాను.